ఉత్త థియరీయే కదా!

మొన్న ఆదివారం భోజనాల దగ్గర మా మేనల్లుడు అన్నాడు: "డార్విన్‌ది ఉత్త థియరీయే కదా మామయ్యా!" ఇంజనీరింగ్ చదివినవాడు, మంచి ఉద్యోగంలో ఉన్నవాడు. నాకు ముద్ద దిగలేదు. అది వాడి సొంత మాట కాదు. అమెరికా స్కూళ్ల తగాదాల్లో అరిగిపోయి, మన ఫోన్లలోకి దిగిన మాట.

పెన్సిల్వేనియాలో డోవర్ అని చిన్న ఊరు. 2004 చివర్లో అక్కడి స్కూలు బోర్డు సరిగ్గా ఈ మాటనే బడిలోకి తెచ్చింది. తొమ్మిదో తరగతి పిల్లలకు పరిణామం పాఠానికి ముందు ఒక ప్రకటన చదివి వినిపించాలి: డార్విన్‌ది థియరీ, రుజువైన నిజం కాదు, 'ఇంటెలిజెంట్ డిజైన్' (జీవులను ఏదో తెలివైన శక్తి రూపొందించిందనే వాదం) అనే మరో వివరణ ఉంది, దాని పుస్తకం కావాలంటే చూడండి. సైన్సు టీచర్లు 'మేం చదవం' అన్నారు. అధికారులే క్లాసుకొచ్చి చదివారు. పదకొండు మంది తల్లిదండ్రులు కోర్టుకెక్కారు.

ఆ పుస్తకం పాత రాతప్రతులను బార్బరా ఫారెస్ట్ అనే ఆచార్యురాలు కోర్టు ముందు పెట్టారు. సృష్టివాదం ప్రభుత్వ బడుల్లో సైన్సుగా చెప్పకూడదని అమెరికా సుప్రీంకోర్టు 1987లో తీర్పిచ్చింది. ఆ తర్వాతి ప్రతిలో 'సృష్టి' అన్నచోటల్లా 'డిజైన్' చేరింది. ఒక్కచోట చెయ్యి జారింది. 'క్రియేషనిస్ట్స్' తీసి 'డిజైన్ ప్రొపొనెంట్స్' పెట్టేటప్పుడు పాత మాట తల ముందు, తోక వెనక మిగిలి 'సిడిజైన్ ప్రొపొనెంట్‌సిస్ట్స్' అయింది. కొత్త సున్నం కింద పాత బొగ్గు రాత కనిపించినట్టు!

2005 డిసెంబరు 20న జడ్జి జాన్ జోన్స్ 139 పేజీల తీర్పు రాశారు: ఇంటెలిజెంట్ డిజైన్ సైన్సు కాదు, మతం. ఆయన్ని నియమించింది రిపబ్లికన్ అధ్యక్షుడు జార్జి డబ్ల్యూ. బుష్. కోర్టులో పరిణామం తరఫున మొదటి సాక్షి కెనెత్ మిల్లర్ నిష్ఠగల క్యాథలిక్. అందుకే నాకు చర్చికి వెళ్లేవాళ్ల మీద కోపం లేదు. కోపమంతా ఆ 'ఉత్త' మీదే.

మనకు ఎంత మంచి మాట ఉంది, సిద్ధాంతం! పూర్వపక్షం పెట్టి, దాన్ని ఖండించి, చివరికి నిలిచినదానికే మన పెద్దలు ఆ పేరు పెట్టారు. ఊహకు కాదు. క్రిముల వల్ల రోగాలొస్తాయన్నదీ సిద్ధాంతమే; దాన్ని 'ఉత్త' అనే ధైర్యం ఎవరికుంది? ఇరవయ్యేళ్లుగా ఈ మాట కోసం పోరాడుతున్నాను, ఇంకా పోరాడతాను.

పరిణామాన్ని కాదనడం క్రైస్తవుల జబ్బు మాత్రమే అనుకోకండి. 2019 సైన్స్ కాంగ్రెస్‌లో డార్విన్ కంటే దశావతారాలే మేలన్నది మన ఆంధ్ర విశ్వవిద్యాలయం అప్పటి వైస్ చాన్సలరే. 2023లో పదో తరగతి ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకంలోంచి పరిణామం భాగమే ఎగిరిపోయింది. పరిణామాన్ని పరిశోధించినవాళ్లూ మనలో ఉన్నారు. పిఠాపురంలో పుట్టిన ద్రోణంరాజు కృష్ణారావు జన్యుశాస్త్రవేత్త హాల్డేన్ దగ్గర చేరి, లంటానా పొదల దగ్గర ఏ సీతాకోకచిలుక ఏ రంగు పువ్వు మీద వాలుతోందో లెక్కపెట్టి, 'నేచర్'లో రాసిన మనిషి. ఆయన పేరు మన పిల్లల్లో ఎందరికి తెలుసు?

పేరు దాకా ఎందుకు? మా పక్కింటి అమ్మాయి ఇంటర్ బైపీసీ రెండో ఏడు. ఉల్లిపొర కణాలు రికార్డులో రంగు పెన్సిళ్లతో ముచ్చటగా గీసింది. "మైక్రోస్కోపులో చూశావా తల్లీ?" అన్నాను. "ల్యాబుకి తాళం అంకుల్, ప్రాక్టికల్స్‌కి వారం ముందు తీస్తారట" అంది. ఫీజు లక్ష దాటింది. డోవర్‌లో ఒక్క పేరా గురించి తల్లిదండ్రులు కోర్టు దాకా వెళ్లారు. ఈ తాళం గురించి వాళ్ల నాన్న ఇంతవరకు ప్రిన్సిపాల్‌ని అడగలేదు.