మైల్డ్ అంటే ఎవరికి మైల్డ్?

పోస్టు పెద్దదే, కానీ చివరిదాకా చదవండి.

మొన్న ఒక తమ్ముడు అడిగాడు. "అన్నా, కోవిడ్ పాజిటివ్ వచ్చింది. కొంచెం జ్వరం, ఒళ్ళు నొప్పులు, గొంతు గరగర. అంతే. ఊళ్ళో ఆర్‌ఎంపీ యాంటీవైరల్ కోర్సు వాడమంటున్నాడు. వాడనా, వద్దా?" దాని కింద వచ్చిన జవాబులు మీరూ చూసే ఉంటారు. సగం మంది "వాడెయ్ తమ్ముడూ, రిస్క్ ఎందుకు" అన్నారు. మిగతా సగం "మనం అడవి బిడ్డలం, మనకేం కాదు, మిరియాల కషాయం తాగి పడుకో" అన్నారు. నీ వయసెంత, జ్వరం మొదలై ఎన్నో రోజు, ఇంకేవైనా మందులు వాడుతున్నావా అని అడిగినవాళ్ళు ఒక్కరూ లేరు. నేనూ అడగలేదు. చూసి పక్కకి జరిపేశాను. ఆ సిగ్గుతోనే ఇది రాస్తున్నా.

నా మాట ముందే చెప్పేస్తా. "అందరూ వేసుకోండి" అన్నవాళ్ళదీ తప్పే, "మనకి అక్కర్లేదు" అన్నవాళ్ళదీ తప్పే. మొదటి మాట మన జేబు ఖాళీ చేస్తుంది. రెండోది మన మనుషుల్నే తీసుకుపోతుంది. నా ఇంట్లో రెండూ చూశాను.

మొదటిది 2021 మే. మా అయ్యకి జ్వరం, దగ్గు. ఆక్సిజన్ 97 ఉంది. అన్నం తింటున్నాడు, నడుస్తున్నాడు. మందుల షాపు ఆయన "ముదరకముందే కొట్టాలి" అని ఫావిపిరావిర్ చేతిలో పెట్టాడు. ఆ కోర్సు లెక్క తెలుసా? 200 మిల్లీగ్రాముల మాత్రలైతే మొదటి రోజు 18, తర్వాత రోజుకి 8. పద్నాలుగు రోజులు వాడితే మొత్తం 122 మాత్రలు. ఈ మందు 2020 జూన్‌లో మన మార్కెట్లోకి వచ్చినప్పుడు మాత్ర 103 రూపాయలు. తర్వాత 75కి దించారు. 75 లెక్కనే చూసినా 122 మాత్రలకి 9,150 రూపాయలు. ఆ ఏడాది ఉపాధి హామీ కూలి రోజుకి 245. అంటే 37 రోజుల కూలి! మేం ఆ ఏడాది కాఫీ పంట మీద షావుకారు దగ్గర అడ్వాన్సు తీసుకున్నాం. పంట వచ్చాక ఆయన చెప్పిన రేటుకే ఇచ్చాం.

అయ్య కోలుకున్నాడు. మందు వల్లే అనుకున్నాం. మాత్రలు వాడని మా పక్కింటి పెదనాన్న కూడా అదే వారంలో లేచి పొలానికి వెళ్ళాడు. అది మాత్రం మేం లెక్కలోకి తీసుకోలేదు. 2023 మార్చిలో కేంద్రం సవరించిన చికిత్స మార్గదర్శకాల్లో, పెద్దవాళ్ళకి వాడకూడని మందుల జాబితాలో ఫావిపిరావిర్ పేరు ఉంది. అజిత్రోమైసిన్, ఐవర్‌మెక్టిన్, హైడ్రాక్సీక్లోరోక్విన్, డాక్సీసైక్లిన్ కూడా అక్కడే ఉన్నాయి. మన సంచుల్లోకి వచ్చిన మందులన్నీ ఒక్క జాబితాలో కనబడ్డాయి! జాబితా వచ్చింది కదా అని షావుకారు మా అడ్వాన్సు మాఫీ చెయ్యలేదు.

రెండోది 2023. మా చిన్నాన్న కూతురు, నాకు చెల్లి వరస. డిగ్రీ చదువుతోంది. చిన్నప్పటి నుంచి సికిల్ సెల్ జబ్బు. క్యారియర్ కాదు, జబ్బే. జ్వరం వచ్చింది, టెస్టు పాజిటివ్. "ఇప్పుడు కోవిడ్ అంటే జలుబే కదా" అని ఇంట్లో అందరం అన్నాం. ఆ అన్నవాళ్ళలో నేనే ముందున్నా. రెండు డోసులూ వేయించుకుంది, వయసులో ఉంది, ఇంకేంటి అనుకున్నాం. ఏడో రోజుకి ఛాతీలో నొప్పి, ఆయాసం. బైకు మీద కూర్చోబెట్టి కొండ దించాం. పెద్దాసుపత్రిలో డాక్టర్ గారు అడిగిన మొదటి ప్రశ్న: "జ్వరం మొదలై ఎన్నో రోజు?" ఏడో రోజు అన్నాం. ఆమె పెన్ను కింద పెట్టి, "ఈ అమ్మాయిని రెండో రోజు తీసుకురావాల్సింది" అంది. అంతే, తిట్టలేదు. ఆ మాట ఇప్పటికీ నా చెవిలోనే ఉంది. రక్తం ఎక్కించారు, ఆక్సిజన్ పెట్టారు, తొమ్మిది రోజులకి ఇంటికొచ్చింది. బతికింది. మన అదృష్టం మీద బతికింది, మన తెలివి మీద కాదు.

ఇప్పుడు అసలు విషయం. యాంటీవైరల్ అంటే ఒకటే మందు కాదు. ఫావిపిరావిర్ సంగతి చెప్పాను. మోల్నుపిరావిర్ ఇంకొకటి. 2021 డిసెంబర్ చివర్లో మన దేశంలో దానికి అత్యవసర అనుమతి వచ్చింది. వారం తిరగ్గానే ఐసీఎంఆర్ అధిపతి బలరాం భార్గవ గారు భద్రత మీద అనుమానాలున్నాయని, జాతీయ చికిత్స పద్ధతిలో దాన్ని చేర్చలేదని ప్రకటించారు. గర్భిణులు వాడకూడదు. తర్వాత బ్రిటన్‌లో సుమారు 25 వేల మంది మీద పనోరమిక్ అనే పరీక్ష చేశారు. వాళ్ళలో దాదాపు అందరూ టీకాలు వేయించుకున్నవాళ్ళే. మందు వాడినవాళ్ళలోనూ, వాడనివాళ్ళలోనూ ఆసుపత్రి పాలైనవాళ్ళో చనిపోయినవాళ్ళో నూటికి ఒకరి దగ్గరే ఉన్నారు. జబ్బు కొన్ని రోజులు ముందు తగ్గింది, కానీ ఆసుపత్రి తప్పలేదు.

మూడోది నిర్మాట్రెల్విర్, రిటోనావిర్ కలిపి ఇచ్చేది. పాక్స్‌లోవిడ్ అంటే గుర్తుపడతారు. దీని లెక్క జాగ్రత్తగా వినండి, మొత్తం వాదన ఇక్కడే ఉంది. టీకా వేసుకోని, పైగా ముప్పు ఎక్కువున్న మనుషుల మీద పరీక్ష చేశారు. లక్షణాలు మొదలైన ఐదు రోజుల్లోపు మాత్ర వేసుకున్నవాళ్ళలో వెయ్యికి 8 మంది ఆసుపత్రి పాలయ్యారు. ఉత్తి మాత్ర వేసుకున్నవాళ్ళలో వెయ్యికి 63 మంది. అది చిన్న తేడా కాదు. అదే కంపెనీ అదే మందుని మామూలు ముప్పు ఉన్నవాళ్ళ మీద, టీకా వేసుకుని ఏదో ఒక ముప్పు ఉన్నవాళ్ళ మీద ఇంకో పరీక్షలో వాడింది. అక్కడ లక్షణాలు తగ్గడానికి మందు వాడినవాళ్ళకి 12 రోజులు, వాడనివాళ్ళకి 13 రోజులు. చెప్పుకోదగ్గ తేడా లేదు.

మందు అదే, మనిషి మారాడు. ఫలితం మారిపోయింది. 2022 ఏప్రిల్‌లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిందీ ఇదే. ముప్పు బాగా ఎక్కువున్నవాళ్ళకి ఈ మందు గట్టిగా సిఫార్సు చేసింది, ముప్పు తక్కువున్నవాళ్ళకి వద్దంది. కాబట్టి "యాంటీవైరల్ మంచిదా, చెడ్డదా" అన్న ప్రశ్నే తప్పు. ఎవరికి, ఎన్నో రోజున? అదీ అడగాల్సింది.

"అడవి బిడ్డలం, మనకేం కాదు" అనే అన్నలకి ఒక మాట. మీ పొగరు నాకూ ఇష్టమే. కొండ ఎక్కేటప్పుడు, భూమి కోసం నిలబడేటప్పుడు ఆ పొగరు కావాలి. కానీ ఒంట్లో రక్తకణం కొడవలిలా వంగిపోతే దానికి పొగరు తెలియదు. సికిల్ సెల్ మన ఆదివాసీ జనాల్లో ఎక్కువని ప్రభుత్వమే ఒప్పుకుని 2023 జులై 1న జాతీయ మిషన్ మొదలుపెట్టింది. టీబీ మన గూడేల్లో ఎంత మంది ఇళ్ళల్లో ఉందో నేను చెప్పక్కర్లేదు. కోవిడ్ ముదిరే ముప్పు ఎక్కువున్న జబ్బుల జాబితాని అమెరికా సీడీసీ ప్రకటించింది. అందులో సికిల్ సెల్ ఉంది, టీబీ కూడా ఉంది. అంటే మనకేం కాదు అంటున్నది ఎవర్ని చూసి? పరుగెత్తే ఇరవై ఏళ్ళ కుర్రాణ్ణి చూసి. మూల మంచం మీదున్న నాయనమ్మని ఆ లెక్కలో వెయ్యడం లేదు.

"వేసేసుకో, రిస్క్ ఎందుకు" అనే తమ్ముళ్ళకి ఇంకో మాట. మాత్ర వేసుకోవడం కూడా రిస్కే. పాక్స్‌లోవిడ్‌లోని రిటోనావిర్ చాలా మందులతో గొడవ పడుతుంది. టీబీకి వాడే రిఫాంపిసిన్ దీన్ని పనిచెయ్యకుండా చేస్తుంది. రెండూ కలిపి వాడకూడదు. మూర్ఛకి వాడే ఫెనిటాయిన్, కార్బమజెపిన్ కూడా అంతే. కిడ్నీ బాగోకపోతే డోసు మార్చాలి. ఇక్కడ మన బాధ చూడండి. టీబీ ఉన్నవాళ్ళకి ముప్పు ఎక్కువ, మందూ అవసరమే కావచ్చు. కానీ వాళ్ళు వాడే టీబీ మాత్రతోనే ఇది కుదరదు. అలాగని కోవిడ్ మాత్ర కోసం టీబీ కోర్సు ఆపితే ఇంకా ఘోరం. వేరే దారి ఏదైనా ఉందా అన్నది డాక్టరే తేల్చాలి. ఇది షాపు కౌంటర్ దగ్గర తేలే విషయమా? వాట్సాప్‌లో బొటనవేలు గుర్తు పెట్టి తేల్చే విషయమా?

ఆర్‌ఎంపీల మీద నాకు పగ లేదు. అర్ధరాత్రి తలుపు కొడితే లేచేది వాళ్ళే. కానీ మైల్డ్ జ్వరానికి డెక్సామెథసోన్ ఇంజక్షన్ పొడిచేవాళ్ళని మాత్రం నిలదియ్యాలి. 2020లో బ్రిటన్‌లో రికవరీ ట్రయల్ తేల్చింది ఏంటంటే, ఆ మందు ఆక్సిజన్ అవసరమైనవాళ్ళ ప్రాణం కాపాడింది, అవసరం లేనివాళ్ళకి మేలు చెయ్యలేదు. స్టెరాయిడ్ పడగానే జ్వరం దిగుతుంది, ఒళ్ళు తేలికవుతుంది, డాక్టర్ గొప్పోడు అంటాం. లోపల ఏం జరుగుతుందో వారం తర్వాత తెలుస్తుంది.

ఒక అన్న అంటాడని తెలుసు: "ఇన్ని లెక్కలు చెప్తున్నావు, ఆ మాత్ర మన పీహెచ్‌సీలో దొరుకుతుందా?" నిజమే, మా దగ్గర దొరకలేదు. నా కోపం కూడా అదే. ఈ మందు జెనరిక్‌ని తయారుచేసింది ఎక్కడో కాదు, మన హైదరాబాద్ కంపెనీ హెటెరో. 2022 డిసెంబర్‌లో ఆ జెనరిక్‌కి ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రీక్వాలిఫికేషన్ కూడా ఇచ్చింది. అంటే బీద దేశాలన్నీ కొనుక్కోవచ్చని ముద్ర వేసింది. హైదరాబాద్ నుంచి ఖండాలు దాటగలిగే మాత్ర మన ఘాట్ రోడ్డు ఎక్కలేదా? పనికిరాని మాత్ర మాత్రం ప్రతి సంతలోకీ వచ్చింది. ఎందుకంటే దాని వెనక అమ్మేవాడున్నాడు. పనికొచ్చే మాత్ర వెనక అడిగేవాడు లేడు. ఆ అడిగేవాళ్ళం మనమే కావాలి.

ఏం అడగాలి? ప్రతి పీహెచ్‌సీలో కోవిడ్ ర్యాపిడ్ టెస్టు ఉండాలి. సికిల్ సెల్ జబ్బున్నవాళ్ళకి, డయాలిసిస్‌లో ఉన్నవాళ్ళకి, ముసలివాళ్ళకి పాజిటివ్ వస్తే ఐదు రోజులు దాటకుండా పెద్ద డాక్టర్ చూసే ఏర్పాటు ఉండాలి. ఫోన్లో అయినా సరే. ఐటీడీఏ గ్రీవెన్స్‌లో రోడ్డు కోసం అర్జీ పెడతాం, స్కాలర్‌షిప్ కోసం పెడతాం. దీని కోసం ఒక్కటి పెట్టామా?

మనం చెయ్యాల్సిందీ ఉంది. మన మండలం నుంచి మొదలుపెడదాం. ఏ ఇంట్లో సికిల్ సెల్ ఉంది, ఎవరు టీబీ మందుల మీద ఉన్నారు, ఎవరు ఒంటరి ముసలివాళ్ళు అన్నది ఆశా అక్కలకి తెలుసు. గ్రూపులో పేర్లు పెట్టొద్దు, అది వాళ్ళ గుట్టు. ఆశా అక్కతో పాటు ఒక కుర్రాడు తిరిగితే చాలు. జ్వరం వస్తే ముందు మలేరియా టెస్టు చేయించాలి, మన ఏజెన్సీలో అది మర్చిపోతే చేతులారా చంపుకున్నట్టే. తర్వాత కోవిడ్ టెస్టు. జ్వరం ఏ రోజు మొదలైందో గోడ మీద బొగ్గుతో అయినా రాసిపెట్టాలి. ఎందుకంటే డాక్టర్ అడిగే మొదటి మాట అదే.

ఇక తమ్ముడూ, నీ ప్రశ్నకి జవాబు. నీకు ఇరవై ఒకటి, ఏ జబ్బూ లేదు, టీకాలు వేయించుకున్నావు, ఇవాళ మూడో రోజు అని తర్వాత ఫోన్లో చెప్పావు. నేను డాక్టర్‌ని కాను. కానీ ఇప్పటిదాకా చెప్పిన పరీక్షలన్నీ చూస్తే నీకు ఆ కోర్సు అక్కర్లేదు. జ్వరానికి పారాసిటమాల్, నీళ్ళు, గంజి, నిద్ర. కషాయం తాగాలనిపిస్తే తాగు, ఎవరూ వద్దనరు. ఆక్సిజన్ 94 కన్నా తగ్గినా, ఆయాసం వచ్చినా, జ్వరం ఐదు రోజులు దాటినా ఆగకుండా ఆసుపత్రికి వెళ్ళు. ఆ డబ్బు నీ సెమిస్టర్ ఫీజుకి ఉంచుకో.

కానీ మీ ఇంట్లో నాయనమ్మ ఉందన్నావు కదా. ఆమెకి డెబ్బై దాటాయి, షుగర్ ఉంది. ఆమెకి దూరంగా పడుకో, మాస్క్ పెట్టుకో. ఆమెకి కొంచెం వెచ్చబడినా, "మైల్డే కదా" అని ఎవరన్నా ఆగొద్దు. ఆమె వాడే మందులన్నీ సంచిలో వేసుకుని ఆ రోజే కిందికి దించు. బండి లేకపోతే ఇక్కడ చెప్పు, మేం వస్తాం.

జై ఆదివాసీ.