ఎడం తప్పితే పదేళ్లు పోతాయి



శనగ ఒత్తుగా పడితే ఒక పంట తగ్గుతుంది, మరుసటి ఏడు సరిదిద్దుకుంటాం. కలప మొక్క దగ్గరగా నాటితే ఆ తప్పు బయటపడేసరికి ఏడెనిమిదేళ్లు గడిచిపోతాయి. మిరప, పత్తిలో పెట్టుబడి కూడా రాక మన అవుకు ప్రాంతంలో కొందరు మలబార్ వేప, టేకు వైపు చూస్తున్నారు. అందుకే ఈ మాట ముందే చెబుతున్నాం.

ఎకరా అంటే సుమారు 4,047 చదరపు మీటర్లు. 2×2 మీటర్ల ఎడంలో వెయ్యికి పైగా మొక్కలు పడతాయి. 3×2లో 675, 3×3లో 450, 4×4లో 250 దాకా పడతాయి. మొక్కలు అమ్మేవారికి మొదటి లెక్కే లాభం. మనకు కావలసింది మొక్కల లెక్క కాదు, మాను లావు.

దగ్గరగా ఉన్న చెట్లు వెలుతురు కోసం పైకి సాగుతాయి గానీ లావెక్కవు. వేళ్లు ఉన్న కాస్త తేమ కోసమే పోటీపడతాయి. ఎత్తు ఒకటే అయినా చుట్టుకొలత ఒకటిన్నర రెట్లయితే కలప రెండుంబావు రెట్లవుతుంది. అలాగని మరీ ఎడంగా వేస్తే పక్క కొమ్మలు బలిసి కలపలో ముడులు పడతాయి.

కాబట్టి మొదట తేల్చుకోవలసింది ఎవరికి అమ్ముతామన్నది. కాగితం మిల్లుకు టన్నుల లెక్కన పోయే జామాయిల్, సుబాబుల్‌కు దగ్గర ఎడం సరిపోతుంది. భద్రాచలం క్లోన్ల జామాయిల్‌ను 3×2లో నాటడం రివాజు. ప్లైవుడ్‌కు, దూలాలకు లావు మాను కావాలి. టేకు 2×2లో నాటినా, పెరిగే కొద్దీ చెట్టు విడిచి చెట్టు తీసేయాలి. మనసొప్పక వదిలేస్తే అవి వాసాలుగానే మిగులుతాయి.

కాలువ నీరు అందే పొలం వేరు, నాపరాతి మీద జానెడు మట్టి ఉన్న మెట్ట వేరు. మెట్టలో ఎడం ఇంకా పెంచాలి. మొదటి రెండేళ్లు సాళ్ల మధ్య కంది, కొర్ర వేసుకోవచ్చు.

సంఘం తరఫున మేము మూడు కోరుతున్నాం. నర్సరీలు రసీదు మీద మొక్క రకంతో పాటు నాటవలసిన ఎడం రాయాలి. ఏ లావుకు ఏ ధర ఇస్తారో కొనేవారు నాటకముందే రాసివ్వాలి. నంద్యాల జిల్లా నేలల్లో వేర్వేరు ఎడాలతో ప్రభుత్వం తోటలు పెంచి రైతులకు చూపాలి.

అంతదాకా మొక్కల బండి వచ్చిందని గుంతలు తీయకండి. ముందు తాడు పట్టి కొలవండి.