మైనస్ 6.67కి ఎన్ని మార్కులు వేయాలి?



పోయిన నెల తొమ్మిదో తరగతి వీక్లీ టెస్టులో ఒక లెక్క ఇచ్చాను. 30 డిగ్రీల సెల్సియస్ దగ్గరున్న 200 గ్రాముల నీళ్లలో, సున్నా డిగ్రీల ఐసు 100 గ్రాములు వేస్తే చివరికి ఉష్ణోగ్రత ఎంత? బయటి వేడిని లెక్కలోకి తీసుకోనక్కర్లేదు.

సగం మందికి పైగా మైనస్ 6.67 డిగ్రీలు అని రాసి, చుట్టూ చక్కగా బాక్స్ గీశారు. నేను మార్కులు తగ్గించాను. పేరెంట్స్ మీటింగ్‌లో ఒక తండ్రి అడిగారు: "మేడమ్, ఫార్ములా కరెక్టే, స్టెప్స్ కరెక్టే. మరి మార్కులెందుకు కట్ చేశారు?"

అడగాల్సిన ప్రశ్నే. అందుకే అందరికీ కలిపి ఇక్కడ జవాబు రాస్తున్నాను.

ఒక గ్రాము ఐసు కరగాలంటే సుమారు 80 క్యాలరీల వేడి కావాలి. దీన్నే గుప్తోష్ణం అంటాం. 100 గ్రాములకు 8000 క్యాలరీలు. కానీ ఆ నీళ్లు 30 నుంచి సున్నాకి చల్లబడితే ఇవ్వగలిగేది 6000 మాత్రమే. 75 గ్రాములు కరిగేసరికి ఆ వేడి అయిపోతుంది. మిగతా 25 గ్రాములు ఐసుగానే ఉండిపోతుంది. కాబట్టి జవాబు సున్నా డిగ్రీలు. సున్నా డిగ్రీల ఐసు వేస్తే నీళ్లు సున్నా కంటే చల్లగా ఎలా అవుతాయి? ఒక్క క్షణం ఆగితే పిల్లలకే తట్టేది. ఐసంతా కరిగిపోతుందని ముందే అనుకుని ఫార్ములాలో అంకెలు వేసేశారు.

తప్పు వాళ్లది మాత్రమే కాదు. ముందు రోజు ఇదే లెక్క 60 డిగ్రీల నీళ్లతో చేయించాను. అక్కడ ఐసంతా కరుగుతుంది, జవాబు 13.3 డిగ్రీలు. "లెక్కకి రెండే నిమిషాలు" అని తొందరపెట్టిందీ నేనే.

ఐఐటీ ఫౌండేషన్ చదివే పిల్లలకు స్పీడు అవసరమే, కాదనను. కానీ అక్కడ ఆప్షన్లలో మైనస్ 6.67 కూడా ఉండొచ్చు. ఆలోచించకుండా పరుగెత్తేవాళ్లు పడేది అక్కడే.

ఈ ఆదివారం ఇంట్లో కిచెన్ స్కేలు ఉంటే, 100 గ్రాముల ఐసు, 200 గ్రాముల మామూలు నీళ్లు ఫ్లాస్కులో పోసి కలిపి, కాసేపయ్యాక పిల్లలతోనే మూత తీయించండి. ఐసు ఇంకా తేలుతూనే కనిపిస్తుంది. "ఎన్ని మార్కులొచ్చాయి?" అని అడిగే ముందు "ఈ జవాబు నిజంగా జరిగేదేనా?" అని ఒక్కసారి అడగండి. ఇకపై నా టెస్టుల్లో ఆ ప్రశ్నకు విడిగా ఒక మార్కు ఉంటుంది.

– ఫిజిక్స్ టీచర్, హైస్కూల్ విభాగం