ఇల్లు కూల్చేముందు...

వారసత్వ కట్టడం అనగానే మనకి కోటలు, గోపురాలే గుర్తొస్తాయి. రాజమండ్రి పాత ఊళ్ళో ఉన్న కందుకూరి వీరేశలింగం పంతులు గారి ఇల్లు ఆ లెక్కలోకి రాదు. విక్టోరియా రాణి కాలం నాటి ఓ మధ్యతరగతి ఇల్లు, అంతే. 1848లో ఆయన పుట్టింది అక్కడే.

మరి పురావస్తు శాఖ దాన్నెందుకు కాపాడుతోంది? 1881 డిసెంబరు 11న అక్కడ ఓ పెళ్ళి జరిగింది కాబట్టి. తెలుగునాట తొలి వితంతు వివాహం అది. చట్టం 1856లోనే వచ్చింది. చేసి చూపించే ధైర్యం రావడానికి ఇంకో పాతికేళ్ళు పట్టింది. ఊరు వెలేసింది, వంటవాళ్ళు రామన్నారు. పంతులుగారి భార్య రాజ్యలక్ష్మమ్మ గారే వంట చేసి, గోదావరి నుంచి నీళ్ళు మోశారట. చట్టం రాసింది కలకత్తాలో, అమలైంది మాత్రం ఇలాంటి వంటింట్లో!

మా పల్నాడులో, ఈపూరు లాంటి ఊళ్ళల్లో, పాత ఇళ్ళు పడగొట్టి స్లాబులు వేస్తున్నారు. అది తప్పని నేననను. వానకి కారే ఇంట్లోనే ఉండమని అమ్మానాన్నలకి బెంగళూరులో కూర్చుని చెప్పడం సులువు. కానీ పడగొట్టేముందు నాలుగు ఫోటోలు తీసి, ఆ ఇంట్లో ఎవరు ఏం చేశారో, ఏం పడ్డారో పెద్దవాళ్ళనడిగి రాసుకోవచ్చుగా? సర్వర్ మార్చేముందు బ్యాకప్ తీసుకోకపోతే మేనేజర్ ఊరుకుంటాడా?

అన్ని ఇళ్ళనీ పురావస్తు శాఖ కాపాడలేదు. మిగతావి మన బాధ్యతే. ఈ సంక్రాంతికి ఊరెళ్తే నేను నాయనమ్మతోనే మొదలుపెడతాను. మరి మీరు?