వీధి గుమ్మానికి తాళం, పెరటి గుమ్మం బార్లా

ఢిల్లీ ఏ వాణిజ్య ఒప్పందం మీద సంతకం పెట్టినా పాడిరైతు మెడలో ఓ దండ పడుతుంది. 2025 జులై 24న బ్రిటన్‌తో సంతకాలు చేసుకున్న ఒప్పందంలో చెడ్డర్ చీజ్‌కు చోటివ్వలేదని గర్వంగా చెప్పుకున్నారు. అదే ఏడాది అక్టోబరు 1న అమల్లోకి వచ్చిన స్విట్జర్లాండ్, నార్వే తదితర దేశాల కూటమి ఒప్పందంలోనూ పాల ఉత్పత్తుల్ని పక్కన పెట్టారు. మన సరుకు మీద సుంకాన్ని 50 శాతానికి పెంచుతున్నట్టు అమెరికా ప్రకటించిన మర్నాడే, ఆగస్టు 7న, పాడి విషయంలో తగ్గేది లేదని ప్రధాని తెగేసి చెప్పారు. విదేశీ చీజ్ మీద 30 శాతం దిగుమతి సుంకం అలాగే ఉంది. మెచ్చుకోవలసిందే.

ఇంతకీ దీనివల్ల నర్సీపట్నానికి ఒరిగిందేమిటి?

ఆ చుట్టుపక్కల గొలుగొండ, నాతవరం పల్లెల్లో తెల్లారీ తెల్లారకముందే పాలకేంద్రం దగ్గర క్యాన్లు దిగుతాయి. కేంద్రం కుర్రాడు కాసిని పాలు చిన్న సీసాలో పట్టి మెషిన్ కింద పెడతాడు. వెన్న శాతం తెర మీద పడుతుంది. పాయింటు తగ్గితే లీటరు రేటు తెగుతుంది. తవుడు ధర పెరిగి దాణా తగ్గించారా అన్నది ఎవరికీ పట్టదు. చెంబెడు నీళ్లు కలిస్తే సాయంత్రానికి ఊరంతా తెలిసిపోతుంది.

అవే పల్లెల పిల్లలు నర్సీపట్నం అబీద్ సెంటర్‌కు వచ్చి పిజ్జా తింటే, దాని మీద తీగలా సాగుతున్నది పాలతో చేసిందో కాదో చెప్పే మెషిన్ లేదు. అనలాగ్ చీజ్ అని ఒక సరుకుంది. పామాయిల్, పిండి, కాస్త పాల ప్రొటీన్, నూనె నీళ్లు విడిపోకుండా పట్టి ఉంచే లవణాలు కలిపి చేస్తారు. కిలో అసలు చీజ్‌కు దాదాపు పది లీటర్ల పాలు కావాలి. దీనికి ఆ ఖర్చు లేదు. తయారు చేయడం నేరమూ కాదు, ప్యాకెట్ మీద ఆ సంగతి రాస్తే చాలు. ప్యాకెట్ వంటింట్లో ఉంటుంది, తినేవాడు హాల్లో ఉంటాడు!

అసలు తమాషా ఇక్కడుంది. 2025 మే 30న కేంద్రం ముడి పామాయిల్ మీద మూల దిగుమతి సుంకాన్ని 20 శాతం నుంచి 10కి దించింది. చీజ్‌ను వీధి గుమ్మంలో ఆపినవాళ్లే చీజ్ వేషం కట్టే నూనెకు పెరటి గుమ్మం తీశారు. వంటనూనె ధరలు తగ్గాలన్నారు, సరే. మరి ఆయిల్‌పామ్ సాగులో దేశానికే ముందున్న మన రాష్ట్ర రైతు సంగతేమిటి? వరి మానండి, ఆయిల్‌పామ్ వేయండి అని మొక్కలకు రాయితీ ఇచ్చేదీ ప్రభుత్వమే. నాటిన మొక్క గెల వేసి చేతికి రావడానికి మూడు నాలుగేళ్లు పడుతుంది. సుంకం దించే నోటిఫికేషన్‌కు ఒక్క రాత్రి చాలు. ఇండోనేషియా నూనె ధరతో ఏలూరు గెల ధరను ముడిపెట్టి, రైతును ధైర్యంగా ఉండమంటే ఎలా?

సుంకం గోడ దాటడానికి ఇంకో దారీ ఉంది. నేడు ప్రపంచంలోనే అతిపెద్ద పాల కంపెనీ అయిన ఫ్రాన్స్ లాక్టాలిస్, 2014లోనే మన తిరుమల మిల్క్ ప్రొడక్ట్స్‌ను కొనేసింది. చీజ్‌కు సుంకం ఉంది గానీ చీజ్ కంపెనీకి లేదు. అలా కొనడం తప్పని కాదు, వాళ్లూ పాలు ఇక్కడి రైతు దగ్గరే పోయించుకుంటున్నారు. 30 శాతం సుంకమే రైతును కాస్తోందన్న ప్రసంగాలే వినలేకపోతున్నాం.

పాలకేంద్రంలో పాయింటు పాయింటుకూ లెక్క కట్టే వ్యవస్థ పిజ్జా కౌంటర్‌నూ అంతే పట్టుగా చూడాలి. అసలు చీజో, అనలాగో మెనూ బోర్డు మీద తెలుగులో రాయించాలి. ఆహార భద్రతాధికారులు తలచుకుంటే దీనికి ఏ దేశంతోనూ చర్చలు అక్కర్లేదు. అందాకా పిల్లలకు పిజ్జా కొనిపెట్టే తల్లిదండ్రులే ఆ ప్యాకెట్ ఓసారి చూపించమని అడగాలి. ముందువైపు పేరు సంగతి వదిలేసి, వెనకవైపు పదార్థాల జాబితాలో మొదట పాలున్నాయో నూనె ఉందో చూసుకోండి.