నలుగురు బిడ్డలను పోగొట్టుకొన్న తల్లి



ఒక ఇంట్లో ఒక బిడ్డ చనిపోతే ఊరంతా ఏడుస్తుంది. రెండవ బిడ్డ పోతే గుసగుసలు మొదలవుతాయి. మూడవ బిడ్డ కూడా పోతే ఆ తల్లి ఎదురుపడినప్పుడు జనం పక్కకు తప్పుకొంటారు.

ఆస్ట్రేలియా దేశములో కాథ్లీన్ ఫోల్‌బిగ్ అనే తల్లికి నలుగురు బిడ్డలు. కేలబ్ 1989లో 19 దినముల పసికందుగా పోయాడు. 1991లో ఎనిమిది నెలల పాట్రిక్, 1993లో పది నెలల సారా, 1999లో ఏడాదిన్నర లారా, ఒకరి వెనుక ఒకరు వెళ్లిపోయారు. 2003లో కోర్టు ఆ తల్లినే దోషిగా తీర్చింది. ముగ్గురిని హత్య చేసిందనీ, మొదటి బిడ్డ చావుకూ ఆమే కారకురాలనీ చెప్పి 40 ఏండ్ల శిక్ష వేసింది. అప్పీలులో అది 30 ఏండ్లయింది.

చూసిన సాక్షి లేడు. ఊపిరాడకుండా చేసినట్లు రూఢిగా చూపే గుర్తు లేదు. ఒకే ఇంట్లో నలుగురు ఊరకనే చనిపోతారా అన్న అనుమానము, దుఃఖములో తన్ను తాను నిందించుకొంటూ ఆమె డైరీలో వ్రాసుకొన్న మాటలు, ఇవే ఆమె మీద సాక్ష్యమయ్యాయి. ఆ డైరీని పోలీసులకు ఇచ్చింది కట్టుకొన్న భర్తే.

తరువాత శాస్త్రజ్ఞులు ఆమెలోనూ, ఇద్దరు ఆడబిడ్డలలోనూ ఒక జన్యులోపము కనుగొన్నారు. గుండె కొట్టుకోవడం తప్పి హఠాత్తుగా ప్రాణము పోవడానికి అది కారణము కాగలదు. 2023 జూన్‌లో ఆమెకు క్షమాభిక్ష లభించింది. అదే డిసెంబరులో శిక్షలన్నీ రద్దయ్యాయి. అప్పటికి 20 ఏండ్లు చెరసాలలో గడిచిపోయాయి.

ఆమె రెండేండ్లు నిండని పిల్లగా ఉన్నప్పుడే ఆమె తండ్రి ఆమె తల్లిని చంపాడు. "ఆ రక్తం ఎక్కడికి పోతుంది?" అనడం మన ఊళ్లలోనూ ఉంది గదా! తండ్రి దోషము బిడ్డ నెత్తిన పెట్టకూడదని యెహెజ్కేలు 18వ అధ్యాయము చదివే మనమే ఆ మాట అంటాము.

నేనూ ఒకటి ఒప్పుకోవాలి. మా సంఘములో ఒక సహోదరికి ఇద్దరు బిడ్డలు ఉయ్యాలలోనే పోయారు. ప్రార్థనకు వెళ్లి, "అమ్మా, దాచిన పాపమేమైనా ఉంటే ఒప్పుకో" అన్నాను. ఆమె ఏమీ అనలేదు, కొంగు నోటికి అడ్డం పెట్టుకొంది. యోబు స్నేహితులు ఏడు దినములు మౌనముగా కూర్చున్నంతవరకు మంచి స్నేహితులే. నేను ఏడు నిమిషములైనా కూర్చోలేకపోయాను. సంవత్సరములు గడిచాక వెళ్లి క్షమించమని అడిగాను.

సొంత బిడ్డను చంపే తల్లిదండ్రులు లేరని నేను అనడం లేదు. ఉన్నారు. నిజముగా అనుమానమునకు కారణముంటే పోలీసులకు, డాక్టరుకు చెప్పాలి, సంఘము దాన్ని దాచకూడదు. అయితే అరుగుల మీద తీర్పు తీర్చవద్దు. పసిబిడ్డ హఠాత్తుగా పోయిన ఇంట్లో మిగిలిన పిల్లలను పెద్దాసుపత్రికి తీసుకువెళ్లి గుండె పరీక్ష చేయించండి. ఆ తల్లికి ఒక పూట అన్నం వండి తీసుకువెళ్లండి. మాటలు రాకపోతే ఊరక కూర్చోండి.

ప్రభువు మీ గృహములను కాపాడును గాక. ఆమెన్.