జెద్దాలో తెగిన కేబుల్, టేకులపల్లిలో ఆగిన కాల్: వెలుగుతో నెట్ వస్తుందా?

టేకులపల్లి: 2025 సెప్టెంబర్‌లో జెద్దా దగ్గర ఎర్ర సముద్రం అడుగున ఇంటర్నెట్ కేబుళ్లు తెగాయి. యూఏఈ నుంచి ఇండియా దాకా నెట్ నెమ్మదించింది. కొడుకో అల్లుడో సౌదీలో ఉన్న ఇంటికి ఇది చిన్న విషయం కాదు. వీడియో కాల్ కలవకపోతే, అక్కడ ఖైరియత్ తెలిసేదాకా అమ్మీకి ముద్ద దిగదు. ఈ కాలంలో కూడా సముద్రంలో వైర్లేనా, వైర్‌లెస్ పెట్టొచ్చు కదా అనే ప్రశ్న అక్కడే పుడుతుంది.

ఆ ప్రయత్నం జెద్దాకు ఉత్తరాన, థువల్‌లోని కింగ్ అబ్దుల్లా యూనివర్సిటీలోనే జరిగింది. 2020లో అక్కడి పరిశోధకులు ఆక్వా-ఫై అనే పద్ధతి చూపించారు. నీళ్లలోని డైవర్ ఫోన్ నుంచి డేటా ఒంటికి కట్టుకున్న చిన్న పెట్టెకు వైఫైలో చేరుతుంది. ఆ పెట్టె దాన్ని వెలుగుగా మార్చి పైకి పంపుతుంది. పైనున్న కంప్యూటర్ శాటిలైట్ ద్వారా నెట్‌కు కలుపుతుంది.

వెలుగే ఎందుకంటే, రేడియో సిగ్నల్ ఉప్పునీటిలో కొద్ది దూరానికే చచ్చిపోతుంది. శబ్దం కిలోమీటర్లు పోతుంది కానీ సెకనుకు సుమారు 1,500 మీటర్ల వేగమే, మోసే డేటా కూడా తక్కువ. నీలం, ఆకుపచ్చ వెలుగు చాలా డేటా మోస్తుంది, కానీ దూరం పోదు. నీళ్లు బురదగా ఉంటే ఆ కొంచెమూ పోదు. ఆక్వా-ఫైని పరీక్షించింది కదలని నీటిలో, కొన్ని మీటర్ల దూరంలో. గరిష్ఠ వేగం సెకనుకు 2.11 మెగాబైట్లు. డైవర్లకు, సముద్రం అడుగున పెట్టే సెన్సార్లకు ఇది పనికొస్తుంది. వేల కిలోమీటర్ల కేబుల్‌కు బదులు మాత్రం కాదు.

గాలిలో సంగతి వేరు. గూగుల్ మాతృసంస్థ ఆల్ఫాబెట్‌కు చెందిన ఎక్స్, ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్‌తో 2,000 వెలుగు లింకులకు ఒప్పందాన్ని 2017 డిసెంబర్‌లో ప్రకటించింది. ఒక్కో లింకు 20 కిలోమీటర్ల దాకా పనిచేస్తుందని అప్పట్లో చెప్పారు. 2021లో ఇలాంటి లింకే ఆఫ్రికాలో కాంగో నది మీదుగా బ్రాజావిల్, కిన్షాసా నగరాలను కలిపింది. ఒడ్డు నుంచి ఒడ్డుకు దాదాపు 5 కిలోమీటర్లు, మధ్యలో అడ్డం ఏమీ లేదు.

టేకులపల్లి చుట్టూ అడ్డం ఉన్నది అడవే. రెండు పెట్టెలు ఒకదానికొకటి కనబడాలి. చెట్టుకొమ్మ అడ్డొస్తే కిరణం ఆగుతుంది, దట్టమైన పొగమంచులో బలహీనపడుతుంది. చెట్లను దాటాలంటే ఎత్తైన టవర్లు, వాటికి ఆగని కరెంటు కావాలి.

అందుకే ఇక్కడి ఆశ ఇంకా వైరు మీదే. మిషన్ భగీరథ పైపుల కోసం తవ్విన కాలువల్లోనే ఫైబర్ వేయాలన్నది టీ-ఫైబర్ ఆలోచన. పంచాయతీ ఆఫీసు దాకా వచ్చే ఆ వైరు అడవి అంచు గూడేనికి, అక్కడి ఇళ్లకు ఎప్పుడు చేరుతుందో అధికారులు ఊరూరికీ తేదీతో చెప్పాలి.